తోలు దొర ఓడిన రోజు

మృగశిర కార్తె. పడమటి గాలి.

వానలు రావడం మానేసి చాలా కాలమైనా కార్తెలు మాత్రం రావడం మానలేదు. అందుకే నేను ఈ దినచర్యలో తేదీలు వెయ్యను, కార్తెలు వేస్తాను. మా కేంద్రాన్ని నడిపే మండలి వాళ్ళకు ఇది నచ్చదు. వాళ్ళకు నచ్చనివి ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి ఇంతవరకూ నా జోలికి రాలేదు.

పొద్దున తలుపు ముందరి ఇసుక తోశాను. గాలిలో తేమ పట్టడానికి గుట్ట మీద కట్టిన తేమవలలు పిండి రెండు బిందెలు నింపాను. తర్వాత బీడులోకి దిగి చూపుపుల్లల కళ్ళు తుడిచాను. చూపుపుల్లలంటే గడ్డిలో గుచ్చిన సన్నటి కడ్డీలు, ఒక్కొక్కదాని కొసన శనగగింజంత కన్ను. పిట్ట ఎక్కడ మేసిందో, ఎక్కడ పడుకుందో చూసి లెక్కలమ్మకు చెబుతాయి. లెక్కలమ్మ మా పిట్టల కేంద్రం యంత్రం, గోడలోంచి, బయట ఉంటే నా జేబులోని డబ్బాలోంచి మాట్లాడుతుంది. గొంతు తియ్యగానే పెట్టారు. మాటల్లో మాత్రం పులుపు తగ్గించలేదు.

యంత్రమే అంతా చూస్తుంటే ఈ కుళ్ళాయప్ప సిరాతో రాయడం ఎందుకూ అంటే, యంత్రం రాసింది యంత్రమే దిద్దేసుకున్న ముచ్చట ఒకటి పూర్వం జరిగింది. అప్పట్నుంచి కేంద్రానికొక మనిషి చేతిరాత ఉండాలని నియమం పెట్టారు. నా చదువంతా నేను పనిచేసిన బోరుబండి మీద సాగింది. ఆ యంత్రాలతో వచ్చే పుస్తకాలు, మందుడబ్బాల మీది అక్షరాలు, బస్సుల నుదుటి బోర్డులు, ఇవే నా గురువులు. ఇప్పటికీ నేను ఏ మాట రాసినా చివర్న 'చల్లని ప్రదేశంలో ఉంచవలెను' అని రాయబోయి ఆగుతాను.

అసలు సంగతికి వస్తాను. ఒకప్పుడు హగరి ఏటి ఒడ్డున మాత్రమే ఉన్న ఇసుక ఇప్పుడు కనుచూపు మేర మేటలు వేసింది. నడుమ దీవిలా మిగిలిన ఈ గడ్డిబీడులో బట్టమేక పిట్టలు రెండే ఉన్నాయి, ఒక మగది, ఒక ఆడది. మగది నిలబడితే నా నడుము దాకా వస్తుంది. నల్లటి టోపీ, తెల్లటి మెడ, గోధుమరంగు కంబళి కప్పుకున్నట్టు వీపు. ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తుంది. నేను 'దొర' అని పేరు పెట్టాను. ఆడదానికి 'రాణెమ్మ'. మా అధికారి మెహరున్నీసా మేడానికి పేర్లు పెట్టడం నచ్చదు. కాగితాల్లో వాటికి అంకెలే ఉంటాయి.

"పేరు పెడితే బెంగ పెట్టుకుంటాం తాతా" అంటుంది.

అంకెలు పెట్టినా బెంగ ఆగిందేమీ లేదు. పిట్టలు మేసే పురుగుల కోసం ఆమె ఎండలో మోకాళ్ళ మీద పాకుతూ పేడపురుగుల్ని చీరకొంగులో దాచి తెచ్చి బీడులో వదలడం నేను చూశాను. పెళ్ళి భోజనం వడ్డించేవాళ్ళు కూడా అంత శ్రద్ధ చూపించరు.

ఈరోజు మండలి నుంచి ఉత్తర్వు వచ్చింది. మఖ కార్తె దాటేలోగా ఈ బీడులో గుడ్డు పడకపోతే రెండు పిట్టల్నీ పట్నంలో చలిమేడకు తరలిస్తారు. బీడు నిండా కరెంటు కోసం ఎండపలకలు పరుస్తారు. చలిమేడ నేను చూశాను. అద్దాల వెనక పిట్టలు మేస్తాయి, నిద్రపోతాయి, జబ్బు పడవు. గుడ్డు మాత్రం పెట్టవు. మేడం కాగితం చదివి మడిచి, "ఆ మూడో పుల్ల కన్ను మసకబారింది, మార్చాలి తాతా" అని లేచింది.

ఆరుద్ర కార్తె. గాలి లేదు, ఉక్క.

చిక్కు ఏమిటంటే దొర ఆడటం లేదు. ఈ జాతి మగవాళ్ళు ఆడదాని ముందు గొంతు సంచి ఉబ్బించి, తోక వీపు మీదికి విరిచి, కడుపులోంచి 'హుమ్మ్' అని మోగుతూ ఆడాలి. ఆ ఆట చూస్తేగానీ ఆడది దగ్గరికి రాదు. కానీ పక్క దిబ్బ మీద ఇంకో మగవాడు ఆడితేగానీ వీళ్ళకు పౌరుషం రాదు. పక్క దిబ్బ మీద ఉండేవాళ్ళంతా పోయారు. మిగిలిన దొరకు పోటీ లేదు, అందుకే గొంతూ లేదు.

పోయిన ఏడు మేడం పోటీకని యంత్రపు పిట్టను తెప్పించింది. పొద్దెక్కేసరికి దాని రేకు కాలిపోయి, లోపలి మోటారు గీమని కూసింది. రాణెమ్మ ఆ చప్పుడుకు పరుగు లంకించుకుని మూడు దిబ్బలవతల తేలింది.

ఈసారి మేడం తోలుబొమ్మలాడించే హనుమక్కను పిలిపించింది. ఇసుకబండి మీద పెద్ద పెట్టెతో దిగింది హనుమక్క. యాభై దాటిన మనిషి. సన్నగా ఉంటుంది, చూపు మాత్రం గుచ్చుతుంది. దిగీ దిగగానే అడిగింది:

"మనుషులెందరుంటారమ్మా ఆట సూసేకి?"

"మనుషులెవరూ ఉండరక్కా. రెండు పిట్టలు" అంది మేడం.

"మంచిదే. తాగొచ్చి ముందర కూసునేటోళ్ళు ఉండరు."

మేడం చూపిన చిత్రాలు ముందు పెట్టుకుని వారం రోజులు మేకతోలు గీకింది. ఎండకు పెడితే అవతలి వేలు కనబడేంత పలచన చేసింది. మెడకు వేరే తోలు, రెక్కకు వేరే, గొంతుకు మాత్రం మేక కడుపులోని సన్నటి పొర. దాన్ని కింద గొట్టంతో ఊదితే ఉబ్బుతుంది. మోతకు సొరబుర్ర. అతుకుల దగ్గర దారాలు, కింద పుల్లలు. బీడులో తవ్విన గోతిలో కూర్చుని, నెత్తిన ఈతచాప కప్పుకుని, పైన బొమ్మను ఆడిస్తుంది. పొద్దుటి ఎండ ఆ తోలులోంచి దిగి గొంతు తెల్లగా వెలిగినప్పుడు, ఇది మేక అని చెబితే మేక కూడా నమ్మదు. నేను దానికి 'తోలు దొర' అని పేరు పెట్టాను. ఈ పేరుకు మేడం అడ్డు చెప్పలేదు.

పునర్వసు కార్తె. తూర్పు గాలి.

రాణెమ్మ వచ్చింది. మొదట దూరంగా తల ఎత్తి చూసింది. తర్వాత మేస్తున్నట్టు నటిస్తూ దగ్గరికి జరిగింది. ఇప్పుడు రోజూ తెల్లారగానే తోలు దొర ముందు హాజరు.

దొర మాత్రం బలుసు పొద వెనక నిలబడి నేల చూపులు చూస్తున్నాడు.

లెక్కలమ్మ తేల్చి చెప్పింది: "ఆడపక్షి సమయమంతా కృత్రిమ పక్షి దగ్గరే గడుపుతోంది. జత కట్టే అవకాశం దాదాపు లేదు."

"ఆ దాదాపు నువ్వే ఉంచుకో" అన్నాను. యంత్రాలకు వెటకారం అర్థం కాదంటారు. ఆ రాత్రికి నా గదిలో దీపం వెలగలేదు.

హనుమక్క ఆట అలాంటిది. రాణెమ్మ అటు మళ్ళితే చాలు, గోతిలోంచే అడుగుల చప్పుడును బట్టి పసిగట్టి బొమ్మ మోత పెంచుతుంది. రెండడుగులు దూరం పోతే రెక్క విదిలిస్తుంది. జనం లేచిపోకుండా పట్టి ఉంచడం ఆమె ఇంటి విద్య. నిజం మగవాడెవడూ అంత మర్యాదగా ఆడడు. రెండు నిమిషాలు ఆడి మిడత కనబడితే ఆపేస్తాడు.

"అక్కా, మీరు కొంచెం తక్కువ ఆడితే?" అంది మేడం.

"తక్కువ ఆడేది నాకు రాదు మేడమ్మా. నాకు అట్లా నేర్పీలేదు."

కోపంగా చెప్పలేదు. నాకు ఈత రాదు అన్నంత మామూలుగా చెప్పింది.

పుష్యమి కార్తె. పడమటి గాలి, ధూళి.

మేడం నాలుగు రోజులుగా లెక్కలమ్మ తెర ముందే కూర్చుంది. చూపుపుల్లలు చూసిందంతా ముందుకీ వెనక్కీ తిప్పుతోంది. నేను సంగటి ముద్ద పక్కన పెడితే చల్లారి రాయిలా అయింది. మామూలు సంగటి కాదది, రాగులు దొరికిన రోజుది. రాగులు దొరకడం ఎంత కష్టమో రాయాలంటే ఇంకో పుస్తకం కావాలి, కాబట్టి వదిలేస్తున్నాను.

సాయంత్రం మేడం లేచి మమ్మల్ని పిలిచింది.

"దొర ఎటు చూస్తున్నాడో చూడండి." మొదటిసారి అంకె కాకుండా పేరు అంది. తర్వాత నాలుక కరుచుకుంది గానీ అప్పటికే నేను విన్నాను. "అతను రాణెమ్మను చూడటం లేదు. బొమ్మనే చూస్తున్నాడు. పొద వెనక గొంతు సంచి కొద్దిగా ఉబ్బుతోంది, చూశారా? అది బెంగ కాదు, కోపం. మీదికి రావడానికి ధైర్యం చాలడం లేదు, అంతే."

నేను చూసిందీ అవే దృశ్యాలు, రోజూ. నాకు మాత్రం ఓ దిగాలుపడ్డ పిట్టే కనబడింది. ఆమెకు రెక్క కింద దాగిన కోపం కనబడింది. చూడటం కూడా ఒక పని అని, దాన్నీ చెమటోడ్చి చెయ్యొచ్చునని ఆమె దగ్గర ఉన్నాకే తెలిసింది నాకు.

"అక్కా, మీ బొమ్మ అతని చేతిలో ఓడిపోవాలి. రాణెమ్మ చూస్తుండగా" అంది మేడం.

హనుమక్క వక్క కొరికింది.

"ఓడేది గెలిచేంత సుళువు కాదు మేడమ్మా. గెలిస్తే జనం సప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. ఓడినాడని నమ్మల్లంటే ముందు వాడు గెలుస్తాడేమోనని భయపడల్ల."

"అంటే రాదా?"

"రాదని ఎవురన్నారు?"

ఆశ్లేష కార్తె. గాలి పడింది.

తోలు దొర రెండు రోజులుగా పొద వైపు జరిగి జరిగి ఆడాడు. ఈ పొద్దున దొర తట్టుకోలేకపోయాడు. మెడ చాచి, రెక్కలు నేలకు దించి వచ్చి రొమ్ముతో కొట్టాడు. గోతిలో హనుమక్క పుల్లలు కరకరమన్నాయి. తోలు దొర వెనక్కి తగ్గాడు, మళ్ళీ మీదికొచ్చాడు, ఒక దెబ్బ వేశాడు కూడా. గుట్ట మీది చాటులోంచి నేనూ మేడమూ చూస్తున్నాం. చివరికి తోలు దొర రెక్క వాల్చి, మెడ తిప్పి, పక్కకి ఒరిగిపోయాడు.

దొర ఒక్క క్షణం చూశాడు. గొంతు సంచి నిండా ఊపిరి పట్టి 'హుమ్మ్' అన్నాడు. ఎన్నేళ్ళకో ఆ బీడులో నిజమైన మోత. రాణెమ్మ తల తిప్పింది.

సరిగ్గా అప్పుడు తోలు దొర లేచి నిలబడ్డాడు.

దొర అదిరిపడి ఎగిరాడు. రాణెమ్మ ఇంకోవైపు ఎగిరింది. కాసేపటికి బీడులో మేం ముగ్గురం తప్ప ఎవరూ లేరు.

హనుమక్క గోతిలోంచి పైకి వచ్చి ఇసుకలో చతికిలబడింది.

"మా ఇంట్లో అదొక కట్టుబాటు మేడమ్మా. ఆటలో సచ్చిన బొమ్మని, ఆడించినోళ్ళు తావు ఇడిసి లేసే ముందర, నిలబెట్టల్ల. పడిన బొమ్మని అట్లే ఇడిసిపెట్టి పోగూడదు. మా నాయన పోయేటప్పుడు గూడా అదే సెప్పినాడు. సేతులు వాటంతటవే లేపేసినాయి. నేను లేపలేదు, నా సేతులు లేపినాయి."

మేడం కోప్పడుతుందనుకున్నాను. గడువుకు ఇక మిగిలేది మఖ కార్తె ఒక్కటే. ఆమె వచ్చి హనుమక్క పక్కన ఇసుకలో కూర్చుంది.

"మోత విన్నారా అక్కా?" అంది. "గొంతు ఉంది అతనికి."

మఖ కార్తె. నిప్పుల ఎండ.

దొరా రాణెమ్మా తిరిగి రావడానికి చాలా రోజులు పట్టింది. మేడం మూడు వైపులా పురుగులు వదిలి, రేగుపళ్ళు చల్లి, కాపు కాసింది. కార్తె పుట్టిన రెండో నాటికి ఇద్దరూ వచ్చారు.

హనుమక్క చెప్పింది: "కట్టుబాటు నేను తప్పను. ఆడించినోళ్ళు లేసే ముందర బొమ్మ లేయల్ల, అంతే గదా. నేను లేయను. పిట్టలు వాటంతటవి పోయిందాకా గోతిలోనే ఉంటా."

"మధ్యాహ్నం గోతిలో ఉడికిపోతారు" అంది మేడం.

"కూటికుండ కాదు గదా నేను."

మేడం ఒప్పుకోలేదు. నిన్నంతా వాదించి, చివరకు గుట్ట నుంచి గోతి దాకా ఇసుకలో సన్నటి నీళ్ళ గొట్టం పాతింది. చాప మీద తడిగుడ్డ పరిచింది. హనుమక్క చెవిలో మాటపూస పెట్టింది, నోటికి అందేలా గొట్టం కొస కట్టింది. నీళ్ళు తోడి గొట్టంలో పోసే పని నాది.

పొద్దున పోరు నడిచింది. ఈసారి తోలు దొర భుజం దగ్గర తోలు నిజంగానే చిరిగింది. పడ్డాడు. లేవలేదు.

దొర చుట్టూ తిరిగాడు. ఒకసారి ముక్కుతో పొడిచి చూశాడు. తర్వాత ఆ పడిన బొమ్మ పక్కనే నిలబడి, గొంతు సంచి నేల దాకా ఉబ్బించి, ఆడటం మొదలుపెట్టాడు. మోత గుట్టను తాకి తిరిగొచ్చింది. రాణెమ్మ పొద దగ్గర నిలబడి చూస్తోంది, రావడం లేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది.

"గోతిలో వేడి ప్రమాద స్థాయి దాటింది" అంది లెక్కలమ్మ.

"అక్కా, లేచి రండి. చాలు. పిట్టల కన్నా మనిషి ముఖ్యం" అంది మేడం మాటపూసలోకి, గొంతు తగ్గించి.

"ఈ మాట సెప్పేది ఎవురు? ఇన్నేండ్లుగా ఈ ఇసకలో వాటికి కాపలా కూసున్నదానివి."

"మాట్లాడొద్దక్కా, అలసిపోతారు."

"నువ్వే గదా మాట్లాడిస్తాండావు."

"నీళ్ళు అందుతున్నాయా?" అన్నాను నేను.

"అందుతాండాయి కుళ్ళాయన్నా. బోరునీళ్ళ మాదిరి ఉడుకుతాండాయి. నీ బోరుబండి కత ఒకటి సెప్పు, నిద్రొస్తాంది."

నిద్ర రానివ్వకూడదని మేడం సైగ చేసింది. నేను చెప్పాను. రాళ్ళగుట్ట కింద వెయ్యి అడుగులు తవ్వితే పొగ వచ్చిన కత, ఊరివాళ్ళు ఆ పొగకే కొబ్బరికాయ కొట్టిన కత. ఎప్పుడూ నన్ను ఆపమనే మేడం ఈసారి, ఆపినప్పుడల్లా "తర్వాత?" అంది. నా జీవితంలో ఇంత మంచి శ్రోతలు దొరకలేదు. ఒకరు గోతిలో ఉన్నారు, లేచిపోలేరు. ఇంకొకరికి నేను చెప్పేది వినబడుతోందో లేదో తెలియదు, కళ్ళన్నీ బీడు మీదే.

మూడో కతలో ఉండగా మేడం నా మోచెయ్యి పట్టుకుంది.

రాణెమ్మ నడిచి వస్తోంది. పడిన బొమ్మను దాటింది. దాని వైపు చూడనైనా లేదు. దొర ముందు నేల మీద కూర్చుంది.

అవి కలిసిన సంగతి మేడం గోతిలోకి ఒక్క మాటలో చెప్పింది. అటునుంచి చాలాసేపు జవాబు లేదు. మేడం లేచి పరుగెత్తబోతుంటే హనుమక్క గొంతు వినబడింది:

"అవి పోయినాయా?"

"ఇంకా లేదక్కా. అక్కడే మేస్తున్నాయి."

"మేయనీ."

పిట్టలు బీడు దాటేసరికి పొద్దు వాలింది. మేడం గోతి దగ్గరికి చేరేలోపు చిరిగిన తోలు దొర వణుకుతూ లేచి నిలబడ్డాడు. ఆ తర్వాతే చాప కదిలింది. హనుమక్కను ఇద్దరం చెరో రెక్క పట్టి తీశాం. పెదాలు పగిలిపోయాయి, కళ్ళు ఎర్రబడ్డాయి. తడిగుడ్డలో చుట్టి మోసుకొస్తుంటే, "బొమ్మ ఎండలో ఉంది, తోలు ముడుసుకుంటాది" అని వెనక్కి చూస్తూనే ఉంది.

మఖ కార్తె చివర. పడమటి గాలి.

గుడ్డు పడింది. గడ్డి నడుమ ఉత్త నేల మీద ఒక్కటే గుడ్డు, ఇసుక రంగుకు మచ్చలు. లెక్కలమ్మ చెప్పినప్పుడు మేడం నమ్మక, తానే పాకుతూ వెళ్ళి దూరం నుంచి చూసి వచ్చింది. మండలికి కబురు పెట్టింది. పిల్ల బతికి నడిస్తే బీడు బీడుగానే ఉంటుందని, లేకపోతే ఉత్తర్వు ఉత్తర్వేనని జవాబు వచ్చింది. గుడ్డుతో సరిపెడతామన్నవాళ్ళే ఇప్పుడు పిల్ల కావాలన్నారు. మేడం ఈసారి కాగితం మడవలేదు. నాలుగు ముక్కలు చేసి నా పొయ్యిలో వేసింది.

హనుమక్క కోలుకుంది. ఇంటికి పొమ్మంటే పోలేదు.

ఉత్తర కార్తె. గాలి తెలియడం లేదు.

గుడ్డులోంచి పిల్ల లేచింది. పిడికెడు ఉంది. రాణెమ్మ వెనకే నడుస్తోంది.

మేడం హనుమక్కను గుట్ట మీదికి తీసుకొచ్చి దూరపు అద్దాలు ఇచ్చింది. ఇన్నాళ్ళూ గోతిలో ఉండి అడుగుల చప్పుడే విన్నది గానీ ఆ పిట్టల్ని ఆమె తెర మీద తప్ప ఎదురుగా చూసిందే లేదు.

"ఇంత ఠీవి ఉంటాదని ఎవురూ సెప్పలేదే నాకు" అంది.

అప్పుడే ఎక్కడినుంచో గద్ద నీడ బీడు మీద పడింది. రాణెమ్మ గడ్డిలో వంగిపోయింది. పిల్ల ఉన్నచోటనే చప్పున పడిపోయింది, మెడ చాచి, కాళ్ళు అటూ ఇటూ. గద్ద ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. వెళ్ళిపోయింది.

పిల్ల లేవలేదు.

"పిల్లలో కదలిక లేదు" అంది లెక్కలమ్మ నా జేబులోంచి.

మేడం గుట్ట దిగబోయింది. నేనూ లేచాను. హనుమక్క అద్దాలు దించకుండానే మేడం చెయ్యి పట్టుకుంది.

"ఉండు మేడమ్మా. వాళ్ళమ్మ ఇంకా లేపల్ల గదా."

నిలబడ్డాం. రాణెమ్మ మెల్లగా మెడ ఎత్తింది, నాలుగు వైపులా చూసింది, గొంతులో ఏదో అంది. మాకు వినబడలేదు.

పిల్ల లేచి, ఒళ్ళు విదిలించుకుని, తల్లి దగ్గరికి నడిచింది.